కదలని గింజలు

పాలగెడ్డ సెంటర్లో నా పేరు కనక. వెనకాల మాత్రం అనుమానాల కనక. ఆ సంగతి నాకు తెలీదనుకుంటారు గానీ, ఊళ్ళో మాటలన్నీ రాలేది నా టీ బడ్డీ ముందే కదా, తెలియకుండా ఎలా ఉంటుంది? నేను కాదనను. పాల ప్యాకెట్ ఇచ్చిన మనిషి ఎదురుగానే దాన్ని నొక్కి చూస్తాను. టీపొడి అరచేతిలో పోసుకుని వాసన చూస్తాను. చింతపల్లి జీపువాడు ఇంకొక్కరు ఎక్కితే బయల్దేరుతామంటే, ఇంకో నలుగురు ఎక్కేదాకా నేను కదలను. ఇన్నేళ్ళలో ఈ బుద్ధి వల్ల నేను చెడింది లేదు. బాగుపడిందీ లేదనుకోండి, అది వేరే సంగతి.

అలాంటిదాన్ని, ఊరి నడిబొడ్డున ఒక షాపూ, దాని మీద ఒక ఇల్లూ ఇస్తామంటే ఎలా నమ్ముతాను?

బస్సులు తిరిగే చోటుకీ సంతబయలుకీ మధ్య గోడ కట్టి ఉన్న ఎకరంన్నర స్థలం అది. పాత గోదాము అంటాం. నా చిన్నతనంలో ఏదో కంపెనీవాళ్ళు అక్కడ చింతపండూ పిప్పళ్ళూ రాజ్మా కొని నిలవ చేసి, లారీల్లో కింద మైదానానికి దింపేవాళ్ళు. మా నాయన అక్కడే మూటలు మోశాడు. కంపెనీ ఎత్తేసి ముప్పై ఏళ్ళు దాటిపోయింది. రేకులు ఎవరో పట్టుకుపోయారు, తలుపులు ఇంకెవరో పట్టుకుపోయారు, పునాది రాళ్ళూ మట్టీ మిగిలాయి. అంత మంచి చోటు అన్నేళ్ళు ఎవరూ ముట్టుకోకుండా ఎందుకు వదిలేశారని అడిగితే, కోర్టులో ఉందని ఒకరూ, కాగితాలు పోయాయని ఒకరూ చెప్పేవాళ్ళు. ఏజెన్సీలో భూమి మాదే, దాని గురించి తెలిసేది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళకి.

కిందటేడు రోడ్డు వెడల్పు చేసినప్పుడు రోడ్డువార బడ్డీలూ, వాటి వెనక ఇళ్ళూ లేచిపోయాయి. మొత్తం ఇరవై నాలుగు కుటుంబాలం. సంతబయలు చివర టార్పాలిన్లు కట్టుకుని ఒక వానాకాలం, ఒక చలికాలం గడిపాం. నా టీ బడ్డీ కూడా అక్కడికే మార్చుకున్నాను. నాతోపాటు నా కూతురు బేబి, దాని పది నెలల పిల్ల గంగ. అల్లుడు టైడాలో టూరిస్టుల హోటల్లో వంట చేస్తాడు, నెలకి రెండుసార్లు వస్తాడు. పుష్యమాసం మంచుకి టార్పాలిన్ లోపలి వైపు నీళ్ళు కట్టి పిల్ల ముఖం మీద చుక్కలు పడేవి. ఆ చలికాలమంతా దాని దగ్గు ఆగలేదు. రాత్రుళ్ళు దాన్ని నా పొట్టకి హత్తుకుని, నాకో పక్కా గోడ ఉంటే చాలు ఇంకేమీ అక్కర్లేదు అనుకునేదాన్ని. అందుకే ఆఫీసువాళ్ళు వచ్చి పాత గోదాము స్థలంలో కింద షాపులూ పైన ఇళ్ళూ కట్టి మాకే రాసిస్తామన్నప్పుడు, ఆశ పుట్టింది. ఆశ పుట్టిన చోట నాకు అనుమానం కూడా పుడుతుంది. నాకు ఏడో నంబరు వచ్చింది.

కట్టే కాంట్రాక్టరు శివప్రసాద్ విజయనగరం వైపు మనిషి. నన్ను కనకమ్మగారూ అని పిలుస్తాడు. కింది నుంచి వచ్చినవాడు కొండమీది టీ కొట్టుదాన్ని గారూ అన్నాడంటే దాని వెనక ఏదో ఉందని నాకు మొదటి రోజే తట్టింది. టీ బావుందంటాడు. గ్లాసు తానే తొట్టిలో వేస్తాడు. మా ఇరవై నాలుగు కుటుంబాలకీ పెద్ద ధర్మ. మా అక్క వరసామె కొడుకు, డిగ్రీ చదివాడు, కాగితాలన్నీ వాడే చూస్తాడు. వాడు కూడా ఆ మనిషి మంచోడే పిన్నీ అన్నాడు. మంచోడని ఇద్దరు చెబితే నా అనుమానం రెండింతలైంది.

మా దగ్గర భూమిని అడక్కుండా ఎవరూ ఇల్లు కట్టరు. అడిగే మనిషిని దిసారి అంటాం. మంచిరోజు చూసేదీ, పిల్లకి పేరు పెట్టేదీ, చావుకి ముందు నడిచేదీ ఆయనే. పాలగెడ్డ దిసారి సోంబరు, మా నాయనకి సొంత తమ్ముడు, నాకు సిన్నాన్న. పద్ధతి పెద్దదేమీ కాదు. పొద్దు వాలాక ఇల్లు కట్టే చోట జానెడు గుంట తీసి, అందులో బియ్యపు గింజలు జతలు జతలుగా పేర్చి, మీద అడ్డాకు కప్పి రాయి పెడతారు. తెల్లారి తీసి చూస్తారు. గింజలు చెదిరినా, తగ్గినా భూమి వద్దన్నట్టు. జతలు ఎక్కడివక్కడే ఉంటే రమ్మన్నట్టు. సాధారణంగా ఏ భూమీ మొదటి అడుగులోనే రమ్మనదు. మా అమ్మ ఇంటికి నాలుగు చోట్లు మార్చారు. ఐదో చోట గింజలు నిలిచాయి.

ధర్మ వెళ్ళి, పునాది తవ్వేముందు మా దిసారి భూమిని అడగాలని చెబితే శివప్రసాద్ వెంటనే ఒప్పుకున్నాడు. తప్పకుండా అడగండి, నాకూ మంచిదే అన్నాడట. ఇంకొకడైతే విసుక్కుంటాడు, నవ్వుతాడు, పని ఆగిపోతుందంటాడు. ఈయన ఏమీ అనలేదు. అది నాకు అసలు నచ్చలేదు.

సిన్నాన్న స్థలంలో ఐదు చోట్ల గుంటలు తీసి గింజలు పెట్టాడు. మర్నాడు తెల్లవారి మంచులో మేమంతా గోడ దగ్గర నిలబడ్డాం. మొదటి ఆకు తీశాడు, జతలు అలాగే ఉన్నాయి. రెండోదీ అంతే. ఐదో ఆకు తీసేసరికి అందరం గుంట చుట్టూ మూగాం. ఐదుకి ఐదు చోట్లా ఒక్క గింజ కదల్లేదు. డెబ్బై దాటిన సిన్నాన్న కూడా ఇలా ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు డప్పు తెచ్చారు. శివప్రసాద్ సంతోషపడి సిన్నాన్న భుజాల మీద కొత్త కంబళి కప్పాడు. ఎర్ర అంచు నల్ల కంబళి, మందంగా ఉంది.

నా కళ్ళు ఆ కంబళి మీదే ఉండిపోయాయి. భూమి ఐదు చోట్లా ఒప్పుకోవడం ఏమిటి, కంబళి ముందే కొని సిద్ధంగా ఉంచుకోవడం ఏమిటి? చీకట్లో చెదిరిన గింజల స్థానంలో తెల్లారేలోపు కొత్తవి పేర్చడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఆలోచన వచ్చిందంటే ఇంక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ రోజే ధర్మతో అనేశాను. వాడి ముఖం మాడిపోయింది.

"పిన్నీ, ఇరవై నాలుగు కుటుంబాలు మంచులో పడుకుంతన్నాయి. నీ అనుమానం నీ బడ్డీకాడే ఉంచుకో" అన్నాడు.

వాడు ఎవరికీ చెప్పలేదంటాడు గానీ మాట పాకిపోయింది. రెండో రోజు పొద్దున్న సిన్నాన్న బడ్డీకి వచ్చాడు. ఒంటిమీద ఆ కంబళి లేదు. టీ పోయబోతే వద్దన్నాడు. ఆయన నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. మా నాయన పోయాక ఆయనే నా పెళ్ళి చేశాడు. ఆయన ముందు నిలబడి కూడా నేను తల దించుకోలేదు, అంత పొగరు నాది.

"నా సెయ్యి మీద నీకు నమ్మకం నేదు. సరే. నీ బియ్యం, నీ ఆకు, నీ సెయ్యి. నువ్వే అడుగు" అన్నాడు.

ఆడది అడగొచ్చా అన్నాను. అడక్కూడదని ఎవరూ చెప్పలేదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అంతే అన్నాడు. అని కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేనే వెళ్ళాను. ఇంట్లో బియ్యం, నేను కోసుకొచ్చిన అడ్డాకులు. ఏడో నంబరు షాపు వస్తుందని ముగ్గుతో గీసిన చోట మూడు గుంటలు తీశాను. ఒక్కోదాంట్లో పన్నెండు గింజలు. ఎవరైనా వేలు పెడితే తెలియాలని నా తలవెంట్రుక ఒక్కోటి పీకి ఆకుకి అడ్డంగా పరిచి, రెండు చివర్లా రాళ్ళు పెట్టాను. చుట్టూ బూడిద చల్లాను. దొంగని పట్టుకోబోయే పోలీసులా ఉంది నా వాలకం. తల్లీ, నువ్వు కాదంటే కాదనే చెప్పు, నాకు కోపం రాదు అని భూమికి దణ్ణం పెట్టి వచ్చేశాను.

తెల్లారి వెళ్ళేసరికి బూడిద మీద అడుగు లేదు. వెంట్రుకలు కదల్లేదు. ఒక్కొక్క ఆకే తీసి లెక్కపెట్టాను. పన్నెండు, పన్నెండు, పన్నెండు. పెట్టినవి పెట్టినట్టే.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నా యాభై ఏళ్ళలో ఒక మంచి సంగతి నిజమేనని పూర్తిగా నమ్మింది ఆ ఒక్క పొద్దునే. అక్కడే కూలబడి ఏడ్చాను. కిటికీ ఎటు పెట్టించుకోవాలి, గంగ ఉయ్యాల ఎక్కడ కట్టాలి అన్నీ ఆలోచించేశాను. మధ్యాహ్నం అచ్చు బెల్లం కొనుక్కొచ్చి, సగం ఆ చోటనే రాయి మీద పెట్టి మొక్కాను. మిగతా సగం సెంటర్లో కనబడ్డవాళ్ళందరికీ పంచాను. నేనే స్వయంగా అడిగాననీ, వెంట్రుక కూడా కదల్లేదనీ పేరు పేరునా చెప్పాను. ఆ స్థలం మాకు సమ్మతమే అన్న కాగితం మీద అప్పటిదాకా వెనకాముందాడుతూ సంతకాలు పెట్టని నాలుగు కుటుంబాలు ఆ సాయంత్రమే పెట్టేశాయి. అనుమానాల కనకే ఒప్పుకుందంటే ఇంకేముంటుందిలే అనుకున్నారట.

సిన్నాన్న ఇంటికి టీ పట్టుకెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తప్పైపోయిందన్నాను. ఆయన టీ తాగి, పంచదార తక్కువైందన్నాడు. నా ముఖం మాత్రం చూడలేదు.

రెండు రోజులు పోయాక బేబినీ పిల్లనీ తీసుకెళ్ళి మా చోటు చూపించాను. పొక్లెయిన్ అప్పటికే ఒక వైపు కందకం తీసేసింది. బేబి పిల్లని కింద వదిలింది. అది నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గుప్పెడు మట్టి పట్టుకుంది, బేబి పట్టుకునేలోపే నోటి దాకా తీసుకెళ్ళింది. వేళ్ళు విడదీసి మట్టి దులిపించి, ఇల్లు ఇంకా కట్టలేదు అప్పుడే తినేస్తన్నావా అని బేబి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే రాయి మీద నా బెల్లం కనిపించింది.

బెల్లం అలాగే ఉంది. మంచుకి అంచులు కరిగి పాకం కారి కింద మట్టిలో ఇంకింది. ముక్క మాత్రం శుభ్రంగా, మెరుస్తూ ఉంది. ఒక్క చీమ లేదు.

నేను టీ కొట్టుదాన్ని. పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టి, ఆ నీళ్ళు మళ్ళీ మళ్ళీ మార్చుకుంటూ, చీమలతో పాతికేళ్ళుగా యుద్ధం చేస్తున్నదాన్ని. టీ చుక్క నేలమీద పడితే గ్లాసు కడిగేలోపు వరస కట్టేస్తాయి. ఇక్కడ అరకిలో బెల్లం మూడు రోజులు ఆరుబయట ఉంటే ఒక్కటి రాలేదు. పక్కనున్న రాయి తిరగేశాను. వానపాము లేదు, చెద లేదు, తేలు పిల్ల లేదు. ఇంకో రాయి తిరగేశాను. ఏమీ లేదు. గోడవార తప్ప మధ్యలో ఎక్కడా గడ్డి కూడా సరిగ్గా మొలవలేదని అప్పుడు చూశాను. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను, అప్పుడు చూశాను.

బేబికి ఏమీ చెప్పకుండా పాల డబ్బా నిండా ఆ మట్టి తెచ్చుకున్నాను. బడ్డీలో వెడల్పాటి పళ్ళెంలో పరిచి నడిమధ్య పంచదార పోసి, నేల మీద చీమల వరస పక్కనే పెట్టాను. అవి అంచు దాకా వచ్చి మీసాలు ఆడించి వెనక్కి తిరిగాయి. తొందరపడ్డవి కొన్ని మట్టి మీదికి దిగాయి. బెత్తెడు దూరం పోయాక తూలాయి, చుట్టూ తిరిగాయి, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి. ఎండ తగిలి మట్టి వేడెక్కేసరికి వాసన వచ్చింది. బూజుపట్టిన వాసన, ముక్కు లోపల అంటుకుపోయే వాసన. అది నాకు తెలిసిన వాసనే.

గమాక్సిన్. మా నాయన సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు చొక్కాలోంచి వచ్చే వాసన. చింతపండుకీ రాజ్మాకీ పురుగు పట్టకుండా గోదాములో నేలంతా, మూటల మీదా ఆ తెల్ల పొడి చల్లేవాళ్ళు. మా అమ్మ ఆ చొక్కా తీసుకెళ్ళి కోళ్ళగూడులో దులిపేది, పేలు చస్తాయని. కంపెనీ ఎత్తేసేటప్పుడు మిగిలిన డ్రమ్ములు కిందికి తీసుకెళ్ళడం దండగని, పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశారని మా నాయనే చెప్పాడు. ఆ మాట నాకు తెలుసు. పాల ప్యాకెట్‌ని కూడా నమ్మని నేను, అంత మాట తెలిసి ఉండి దాని గురించి ఒక్కసారి కూడా అనుమానపడలేదు. గంగ నోటి దాకా వెళ్ళిన పిడికిలి గుర్తొచ్చింది.

ఇంటికి పరిగెత్తి పిల్ల నోరు కడిగాను, చేతులు కడిగాను, బట్టలు మార్చాను. బేబికి చెప్పాను. అది విని, నీకు ఒక మంచి ఎప్పుడూ పడదమ్మా అంది. మొన్న నమ్మి బెల్లం పంచావు, ఇవాళ చీమలు రాలేదని ఏడుస్తున్నావు అంది. దాని కళ్ళలో నీళ్ళు. అది అరవై చోట్ల కారే టార్పాలిన్ కింద కూర్చుని ఉంది, దాన్ని నేనేం తప్పుపట్టను?

సిన్నాన్న దగ్గరికి వెళ్ళి పళ్ళెం చూపించాను. గింజలు కదలకపోవడం భూమి రమ్మనడం కాదు, అక్కడ కదిలించేది ఏదీ బతికి లేదు అని చెప్పాను. ఆయన ఆ చచ్చిన చీమల్ని వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"యాభై ఏళ్ళు భూమిని అడిగినాను. తప్పుగా ఇన్నానంటావు. నిన్న నేను దొంగని, ఇయ్యాల చెవిటోణ్ణి. ఇంకెల్లు కనకా" అన్నాడు.

తలుపు వేసుకున్నాడు. ధర్మ దగ్గరికి వెళ్తే ఇంకా కాలింది. వీధి చివర కిరాణా షాపులవాళ్ళు మాకు షాపులు రావడం ఇష్టం లేక నన్ను పట్టుకున్నారని వాడి అనుమానం. ఎవరు చెప్పమన్నారు పిన్నీ అని సూటిగా అడిగాడు. నేను అందరినీ అడిగే ప్రశ్న అది. నన్ను అడిగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది, చాలా మండింది.

శివప్రసాద్‌కి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. తెలిసే కడుతున్నాడేమో, చెబితే రాత్రికి రాత్రి మట్టి ఎత్తించి, ఆ గుర్తులన్నీ కప్పేస్తాడేమో. అదీ నా లెక్క. మట్టి కింది నీళ్ళ సంగతి నా బుర్రకి అప్పటికి తట్టనేలేదు. పునాది వేసే రోజు స్థలంలో వేసిన కొత్త బోరు నీళ్ళు బిందెలతో పట్టి వచ్చినవాళ్ళకి ఇస్తారని ముందు రాత్రి తెలిసినప్పుడు తట్టింది. ఇరవై నాలుగు ఇళ్ళకీ తాగే నీళ్ళు ఆ బోరువే.

ఇంక ఎవరితోనూ మాటలు పెట్టుకోలేదు. తెల్లారగానే సంచీ, కర్రా పట్టుకుని కాఫీ తోటల పైకి ఎక్కాను. మా వైపు ఎర్రచీమల గుడ్లతో పచ్చడి చేసుకుంటాం, వాటి గూళ్ళు ఎక్కడుంటాయో పుట్టినప్పటి నుంచీ తెలుసు. సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మకి ఆకులు కుట్టుకుని, మనిషి తలకాయంత గూడు ఉంది. కొమ్మతో సహా విరిచి సంచీలో వేసి మూతి బిగించాను. దిగి వచ్చేసరికి చేతులూ మెడా దద్దుర్లెక్కాయి.

స్థలంలో జనం నిండుగా ఉన్నారు. కొబ్బరికాయలూ, డప్పులూ, ప్లాస్టిక్ కుర్చీలూ. సిన్నాన్నని ముందు కూర్చోబెట్టారు. బేబి కూడా పిల్లని చంకనేసుకుని వచ్చింది, నా వైపు చూడలేదు. నేను తిన్నగా వెళ్ళి, తవ్వి పెట్టిన కందకం అంచున సంచీ తిప్పి గూడు దులిపాను. ఎర్రచీమలు వేలకు వేలు కింద పడి పరుగులు తీశాయి. ముందు వరసవాళ్ళు కాళ్ళెత్తి వెనక్కి దూకారు. పచ్చడి చేస్తన్నావా కనకా అని ఎవరో అంటే అంతా నవ్వారు.

"కాసేపు సూడండి. ఇవి మిమ్మల్ని కుడితే నన్ను తిట్టండి" అన్నాను.

ఎర్రచీమ కదలికలో ఎంత పొగరుంటుందో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. చేయి పెడితే తల ఎత్తి నిలబడుతుంది. అవి నాలుగు వైపులా పోయాయి. పావుగంట అయ్యేసరికి వరసలు చెదిరాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి తిరిగాయి, తూలాయి, పడ్డాయి. నవ్వేవాళ్ళు ఆగిపోయారు. డప్పువాడు డప్పు దించాడు. అరగంటకి కందకం అంచంతా ఎర్రగా, కదలకుండా అయిపోయింది. అప్పుడు కుడితే కుట్టించుకుందామని నేను చెప్పులు తీసి వాటి మధ్య నిలబడ్డాను. ఒక్కటి కూడా కుట్టలేదు.

ధర్మ, ఎండకి చచ్చిపోయి ఉంటాయి అన్నాడు. వాడి గొంతులో బలం లేదు. శివప్రసాద్ పొక్లెయిన్ డ్రైవరుకి ఇంజన్ ఆపమని సైగ చేశాడు. ముఖం తెల్లబోయింది. తన కూలీలు పది రోజులుగా అక్కడే పడుకుంటున్నారనీ, దోమ ఒక్కటి కూడా లేదు, ఎంత మంచి చోటో అని తాను ఇంటికి ఫోన్ చేసి చెప్పాడనీ అన్నాడు. అతనికి తెలియదు. నిజంగానే తెలియదు. అన్నాళ్ళు అతన్ని ఊరికే ఆడిపోసుకున్నాను.

అయినా జనం కదల్లేదు. ఇల్లు వదులుకోవడం చీమల్ని చూసినంత తేలికేం కాదు. పైపై మట్టి తీసేస్తే పోదా అని ఒకరు, కనకకి మొన్న లేని బాధ ఇవాళేమిటి అని ఒకరు గొణిగారు. అప్పుడు సిన్నాన్న కుర్చీలోంచి లేచాడు. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, చచ్చిన చీమల్ని చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని, ఊదాడు. అవి ఎగిరి పడ్డాయి. లేచి అందరి వైపూ తిరిగాడు. ఆయన గొంతు అంత పెద్దది కాదు, కానీ అందరికీ వినబడింది.

"ఈ భూమి మనల్ని రమ్మననేదు. ఇది సచ్చిపోయినాది. మనం శవాన్ని అడిగినాం. అది కాదననేదని సంబరపడినాం. ఎరగక ఒప్పించింది నేను. తప్పు నాది."

అని అరచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

"సావు దగ్గరకి ఒచ్చినోళ్ళు తానం సెయ్యకండా ఇంటికెల్లకూడదు. బేగి గెడ్డకి పదండి" అన్నాడు. తన కర్ర తీసుకుని ముందు నడిచాడు. చావుకి ఎలా ముందు నడుస్తాడో అలాగే.

గమాక్సిన్ అంటే నమ్మనివాళ్ళు, చీమల్ని చూసి నమ్మనివాళ్ళు, ఆ మాటకి మాత్రం లేచారు. మా దగ్గర అది కాదనలేని మాట. ఒకరి వెనక ఒకరు గేటు దాటి వాగు వైపు నడిచారు. బోరు నీళ్ళు పట్టిన బిందెలు దారిలో ఒలికించేశారు. శివప్రసాద్ చెప్పులు చేత్తో పట్టుకుని, తన కూలీలందరినీ వెంటబెట్టుకుని వరసలో నడిచాడు. ధర్మ అందరికంటే చివర వచ్చాడు. వాడి జేబులో ఇరవై నాలుగు కుటుంబాల సంతకాల కాగితం ఉంది. అది తడవకుండా గట్టున రాయి కింద పెట్టి, నీళ్ళలోకి దిగి, ముఖం దాచుకుని ఏడ్చాడు. నేను దగ్గరికి పోలేదు. నన్ను చూస్తే వాడికి ఇంకా కష్టంగా ఉంటుందనిపించింది.

సిన్నాన్న మోకాలి లోతున నిలబడి, ఒక్కొక్కరి నెత్తి మీదా మూడు దోసిళ్ళు పోశాడు. నా వంతు వచ్చినప్పుడు నాలుగోది కూడా పోశాడు. ఎందుకని అడగలేదు.

బేబి గట్టున కూర్చుని గంగ చేతులు కడుగుతోంది. అరచేతులు విప్పి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్ది రుద్ది కడుగుతోంది. చన్నీళ్ళకి పిల్ల గుక్కపట్టింది. నేను వెళ్ళి పక్కన కూర్చుని దాని కాళ్ళు పట్టుకున్నాను.

"ఈ వానాకాలం కూడా టార్పాలిన్ కిందేనా అమ్మా?" అంది బేబి.

అవునన్నాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత పిల్లకి ఇంకోసారి చేతులు కడిగాం.